పాయింటు పెట్టిన కన్ను

కంట్లో మూడోసారి మందు చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. అనంతపురంలో ఒక కంటి ఆసుపత్రి. బల్ల మీద నాలాంటి వాళ్ళం పదిమందిమి, అందరమూ తలలు గోడకు ఆనించి, దేవుడికి మొక్కుకుంటున్నట్టు కూర్చున్నాం. మూసుకోవడానికి నాకు ఉన్నది ఒక్క కన్నే. ఎడమది తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. అది దండగమ్మా, దాంట్లో వెయ్యొద్దు అన్నా నర్సు వినలేదు. రెండింట్లోనూ వేసి పోయింది.

వారం రోజులుగా కుడికంటి మూలన మెరుపులు వస్తున్నాయి. తల తిప్పితే చాలు, చివర్న ఒక వెలుగు సర్రున పాకి పోతుంది. కూతురికి చెప్పకుండా వారం దాచాను. ఎవరికైనా కొత్తగా మెరుపులు కనపడితే, ఇదేందో అని కంగారుపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. నాకు అవి కొత్త కాదు. చిన్నప్పుడు నా ఎడమకంట్లో అయిదారు నెలలు కాపురమున్నవే. అందుకే చెప్పడానికి భయపడ్డాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా కూతురికన్నా నాలుగేళ్ళు చిన్నదై ఉంటుంది. ముందు ఎడమకన్నే చూసింది.

"ఇది ఎప్పుడు పోయింది?"

"చిన్నప్పుడమ్మా. రాయి తగిలింది."

"తగిలిన వెంటనే పోయిందా?"

"లేదు. అయిదారు నెలలు చూపుండె. మెరుపులు కనపడేవి. నల్లచుక్కలు తిరిగేవి. తర్వాత పక్కనుంచి చీకటి వచ్చింది."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. కంటి వెనకాల పొర ఒకటుంటుందట. దెబ్బకు అది చిరుగుతుందట. చిరుగుతూ లాక్కుపోయేటప్పుడు లోపలే వెలుగు పుడుతుంది, బయట ఏమీ ఉండదు అని చెప్పింది. "అప్పుడే తెచ్చింటే ఈ కన్ను నిలబడేది కదమ్మా. ఎందుకు చూపించలేదు?"

"పల్లెటూరు కదమ్మా. ఎవరికీ తెలీక" అన్నాను.

అబద్ధం. అందరికీ తెలుసు. ఎందుకు చూపించలేదన్న ప్రశ్న నేను నా లోపల ఎన్ని వందలసార్లు వేసుకున్నానో నాకే లెక్కలేదు. కుడికంట్లో చిన్న చిరుగు పడిందని, మర్నాడు పొద్దున్నే లేజరు పెట్టి దాని చుట్టూ అతికించాలని, ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యొద్దని ఆ పిల్ల చెబుతుంటే, నా బుద్ధి మా ఊరి చేలో తిరుగుతోంది.

మాది కదిరికి అవతల మెట్ట ఊరు. అప్పటికి మూడేళ్ళుగా వాన ఎగ్గొట్టింది. చెనిక్కాయ చెట్లు బెత్తెడు లేచి ఎర్రగా మాడిపోయేవి. అమ్మ రోజూ రెండు మైళ్ళు నడిచి బిందె నెత్తిన పెట్టుకొచ్చేది. ఆ బిందెలో నీళ్ళతోనే సంగటి, దాంతోనే పశువులకు కుడితి, మిగిలితే మా మొహాలకు. ఊరిబిండి పచ్చడి నూరిన రోలు కడిగిన నీళ్ళను కూడా అవ్వ పారబోయనిచ్చేది కాదు, చారులో కలిపేసేది. ఆ చారు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఎంత వెతికినా మళ్ళీ దొరకలేదు.

నాయన, పెదనాయన కలిసి బావి లోతు చేయించేవాళ్ళు. పొద్దునంతా రాతికి బెజ్జాలు కొట్టి, మధ్యాహ్నానికి తూటాలు పెట్టేవాళ్ళు. ఒకాయన గట్టు మీద నిలబడి "తూటా... తూటా..." అని అరిచేవాడు. ఆ కేక వింటే చేలల్లో ఉన్నవాళ్ళంతా పెద్ద రాతిగుండు వెనక్కు పరిగెత్తాలి. మాకు అది తిరునాళ్ళే. పేలాక వచ్చే వాసన, కాలిన అగ్గిపుల్లా, పగిలిన రాయీ కలిసిన వాసన, గుండెల నిండా పీల్చేవాళ్ళం. పేలే క్షణానికి గుండు వెనకనుంచి తల బయటపెట్టి ఎవరు చూస్తే వాళ్ళు గొప్ప. ఆ రోజు గొప్ప నాది. బావి నోట్లోంచి పొగ లేవడం చూశాను, అంతే. చింతగింజంత రాయి వచ్చి ఎడమకంటి మీద కొట్టింది.

బాలింత ఒకామె చనుబాలు పిండింది. అవ్వ నందివర్ధనం పూలు నలిపి రసం పోసింది. ఇరవై రోజులకు వాపు తగ్గి కన్ను తెరుచుకుంది. అందరూ "గండం గడిచింది" అన్నారు. నల్లగుడ్డు మాత్రం పెద్దదై అట్లే నిలిచిపోయింది. ఎండలో నిలబడినా చిన్నదయ్యేది కాదు. నా జతగత్తెలు నాకు ఎడమపక్క కూర్చోవడం మానేశారు.

ఒక రోజు మిట్టమధ్యాహ్నం, అవ్వతో చేలో ఎండు పేడ ఏరుతున్నాను. పక్కకు తిరిగానో లేదో, కంటి కింది చివర్న సన్నగా ఒక వెలుగు పాకింది. కాలవకు అడ్డం తీస్తే కొత్తనీళ్ళు ఉరికినట్టే ఉంది.

"అవ్వా, ఆడ నీళ్ళు పారుతాండాయి."

"యాడ మే?"

"ఆ తంగేడు చెట్టు కాడ."

అవ్వ నవ్వలేదు, తిట్టలేదు. పేడ గంప దించి నా వెనక్కు వచ్చి, ఆకువక్క వాసన కొట్టే అరచేత్తో నా కుడికన్ను మూసింది. "ఇప్పుడు?"

"ఇప్పుడింకా బాగా కనపడతాండాయి."

మర్నాడు చేనుకు అవతలి కొసనుంచి తీసుకుపోయింది. వేలు పెట్టి చూపించాను. అదే తంగేడు. మూడోరోజు కుడికంటికి తన పాతచీర పేలిక కట్టి, నన్ను గిర్రున మూడుసార్లు తిప్పి వదిలింది. నడిచి నడిచి ఆగాను. పేలిక విప్పితే తంగేడు కొమ్మ నా మోకాలికి తగులుతోంది. ఎట్లా పోయానో నాకు తెలీదు. కాళ్ళకు పల్లం తెలిసిందేమో అని పెద్దయ్యాక సర్దిచెప్పుకున్నాను. ఆ చేలో పల్లం ఉన్నది ఇంకో దిక్కున.

ఆ రోజునుంచి అవ్వ నాతో మాట్లాడటం తగ్గించి నా కంటితో మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున్నే నా మంచం పక్కన గొంతుకూర్చుని, రెప్ప మీద పసుపు పెట్టి, "లేసినావా తల్లీ? నిద్ర బాగా పట్టెనా?" అని మెల్లగా అడిగేది. నేను "లేసినా అవ్వా" అంటే, "నిన్ను గాదు, గమ్మునుండు" అనేది. నాకే తెలియకుండా నా మొహంలో ఇంకెవరో కాపురం పెట్టినట్టుండేది. అద్దం చూసుకోవడం మానేశాను.

పెదనాయన నమ్మలేదు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు చూసి, బోరుకు పాయింటు పెట్టేవాణ్ణి పక్కూరినుంచి పిలిపించాడు. అతనికి ఏమీ చెప్పలేదు. చేనంతా నడిచాడు. తంగేడు దగ్గరికి రాగానే పడుకుని ఉన్న టెంకాయ అతని చేతిలో నిట్టనిలువునా లేచింది. అందరూ నావైపు తిరిగారు. పెదనాయన కండువా భుజం మీదనుంచి తీసి చేతిలోకి వేసుకున్నాడు, గుడి ముందు వేసుకున్నట్టు.

బోరు బండి వచ్చిన రోజు ఊరు ఊరంతా మా చేలోనే. నన్ను బండికెదురుగా పీట వేసి కూర్చోబెట్టారు. కుడికంటికి గుడ్డ. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే తెల్లటి రాతిపొడి లేచి మనుషుల మీద, పశువుల మీద పడుతోంది. నా ఎడమకంటికి అందరూ బూడిద మనుషులే. నాయన బండి పక్కన నిలబడి ఉన్నాడు, రెప్పలు కూడా తెల్లగా. మధ్యాహ్నం దాటింది. పొడే. జనం లేవడం మొదలుపెట్టారు. అప్పుడు అవ్వ నా చెవి దగ్గర నోరు పెట్టి, "రమ్మను. పిలువు" అంది. నేను నోట్లోనే "రా" అన్నాను. ఎవర్ని పిలిచానో నాకు తెలీదు. ఇంకో రాడ్డు సగం దిగింది, పొడి ముద్దగా మారింది, ముద్ద బురదైంది, ఆ తర్వాత నీళ్ళు నిలువెత్తు లేచాయి.

అబ్బ, ఆ వాసన! వేడిరాతి మీద నీళ్ళు పడ్డ వాసన. ముసలివాళ్ళు కూడా గుడ్డలతోనే కూలబడి తడిశారు. నాయన ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంట్లో పండగకు మాదిరి ఓళిగలు చేశారు, మొదటిది నాకు. ఆడవాళ్ళు నా కాళ్ళకు నీళ్ళు పోశారు. నిజం చెప్పొద్దూ, నాకు బాగుండింది. ఇంటికి రెండో ఆడపిల్లను, అంతకుముందు నన్ను పేరు పెట్టి పిలిచిందెవరు?

చీకటి ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఎడమపక్క వాకిలి తట్టుకుని రెండుసార్లు పడ్డాను. చెంబులో పోయాల్సిన నీళ్ళు నేల మీద పోశాను. కంటి చివర్న నల్లగా ఒక అంచు నిలిచింది. అది వెనక్కు పోదు, రోజుకింత ముందుకే. అవ్వకు చెబితే "కానీలే" అంది. అమ్మ మాత్రం చెంబు చూసి, నన్ను చూసి, సంతకని చెప్పి కదిరికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు టార్చి వేసి చూశాడు. "లోపల పొర ఊడుతాండాదమ్మా. వారంలోపల బెంగళూరు పెద్దాసుపత్రికి తీస్కపో. ఇంకా సగం నిలబడతాది" అని రెండుసార్లు చెప్పాడు. కాబట్టి ఎవరికీ తెలీకపోవడమేమీ లేదు.

ఆ సాయంత్రం అరుగు మీద పంచాయితీ. నేను గడప లోపల కూర్చుని బొరుగులూ బెల్లమూ తింటూ వింటున్నాను.

పెదనాయన అన్నాడు: "ఆ కన్నుండబట్టే నీళ్ళొచ్చినాయి. కన్ను నయం జేస్తే ఆ సూపు పోతాది. సూపు పోతే బోరు ఎండిపోతాది. ఎవురు జవాబు జెప్పేది?"

"ఆడపిల్లప్పా" అంది అమ్మ లోపలనుంచి.

"నేనేమన్నా వద్దంటినా? ఒక్క పంట. పంట ఎత్తినాక నేనే తీస్కపోతా."

నాయన చాలాసేపు నేల గీకుతూ కూర్చున్నాడు. "ఒక్క పంటే గదా" అన్నాడు చివరికి.

రెండు రోజులకు అమ్మ నన్ను పొద్దున్నే లేపి, తల దువ్వి, ఎవరితో చెప్పకుండా రోడ్డు మీదికి తీసుకుపోయింది. బెంగళూరు అంది. బస్సెక్కాం. కిటికీ పక్క నేను. రోడ్డు వార పెదనాయన నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. కండక్టరు విజిల్ వేసేలోపల అమ్మ నా రెక్క పట్టుకుని కిందికి దించేసింది. ఇంటికొచ్చి, "డాక్టరు ఊర్లో లేడంట" అంది. చిన్నదాన్నైనా నాకు అర్థమైంది. పెదనాయన కళ్ళెర్రజేసి ఉంటాడు, అమ్మ భయపడి దిగి ఉంటుంది. ఆయన చచ్చేదాకా నేను ఆయన ఇంట్లో పచ్చినీళ్ళు ముట్టలేదు. చచ్చినాకా మనసు కరగలేదు.

ఆ పంటకాలమంతా పక్కూళ్ళనుంచి మనుషులు వచ్చేవాళ్ళు. కుడికంటికి గుడ్డ కట్టి నన్ను వాళ్ళ చేలల్లోకి నడిపించేవాళ్ళు. వెనకాల ముప్ఫై నలభైమంది, ఒక్కరూ దగ్గను కూడా దగ్గరు. నేను ఆగితే ఆగేవాళ్ళు. నేను తుమ్మితే కూడా ఆ చోట రాయి పెట్టేవాళ్ళు. రెండు చోట్ల నీళ్ళు పడ్డాయి. తర్వాత చీకటి అంచు పెరిగి పెరిగి సగం కన్ను తిన్నది. మెరుపులు అరుదైపోయాయి.

ఒక రోజు ఒకాయన చేలో ఏమీ కనపడలేదు. ఒక్క మెరుపు లేదు. ఎండ మాడుతోంది, కాళ్ళు బొబ్బలెక్కాయి, ఆకలి. ఏదో ఒక చోట ఆగి "ఈడ" అన్నాను. వారం తర్వాత ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. తలనుంచి పాదాల దాకా రాతిపొడి, స్నానం కూడా చెయ్యలేదు. పొడే వచ్చింది, చుక్క పడలేదు. తిడతాడనుకున్నాను. నా ముందు కూర్చుని, ఎడమకంట్లోకి చాలాసేపు చూశాడు.

"పాపా, నీకు కనపడేది నీళ్ళేనా? ఇంకేమన్నానా?"

ఆయన లేచి, వచ్చిన దారినే పోయాడు. ఆయన మొహం మరిచిపోయాను గానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అబద్ధం చెప్పానని ఇప్పుడైనా ఎవరితోనైనా చెప్పాలి, అందుకే చెబుతున్నాను.

పంట ఎత్తారు. మాటంటే మాటే, పెదనాయనే బెంగళూరు తీసుకుపోయాడు. అక్కడి పెద్ద డాక్టరు దీపం వెలిగించి చూసి, ఆర్పేశాడు. అప్పటికి కన్ను పూర్తిగా నల్లబడింది. ఆ మరుసటేడు బోరూ ఎండింది. కన్ను పోయింది కాబట్టే ఎండిందని ఊరంతా అన్నారు. అవ్వ నా రెప్ప మీద పసుపు పెట్టడం మానేసి, మళ్ళీ నాతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆసుపత్రినుంచి ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటింది, చెవులు బాగానే పనిచేస్తాయి. చేట ముందు పెట్టుకుని చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది.

"ఏమన్నారు మే?"

"కుడికంట్లో మెరుపులొస్తాండాయమ్మా. వారమాయె."

అమ్మ చేతిలో కాయ ఆగింది. మొహం ఒక్కసారిగా వెలిగింది. ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగింది: "ఏ పక్క? యాడ కనపడతాండాది?"

అచ్చం అవ్వ గొంతే. అడిగేశాక అమ్మకూ తెలిసింది ఏమడిగిందో. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కూతురు లోపలనుంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయింది.

"పెదనాయన ఆ రోజు నిన్నేమన్నాడమ్మా, బస్సు కాడ?" అన్నాను.

"ఏమీ అనలే."

"అనకుండానే దిగినావా?"

"ఆయప్ప మనల్ని జూసి మొగం తిప్పుకున్యాడు. పోనీలే అనుకున్యాడేమో. నేనే దిగితి." అమ్మ ఒలిచిన గింజల్ని వేళ్ళతో అటూ ఇటూ జరుపుతోంది. "బస్సులోంచి సూస్తే మన చేన్లో నీళ్ళు పారుతాండె. ఆడోళ్ళు బిందెలు ముంచుకుంటాండ్రి. మూడేండ్లు మోస్తి నేను. కడుపులో బిడ్డ పోయిన నాలుగోరోజు గూడా మోస్తి. నీ కన్ను బాగైతే ఆ నీళ్ళు పోతాయని నేనూ నమ్మితి. ఒక్క పంటే గదా అనుకుంటి."

నాకు కోపమొచ్చింది. ఎంత కోపమంటే ఆ చేట ఎత్తి విసిరికొట్టాలనిపించింది. పోయిన మనిషిని యాభై ఏళ్ళు తిట్టుకున్నాను, నన్ను దించిన చెయ్యి పెట్టిన అన్నం తింటూ. లేచి లోపలికి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఏడవకూడదని డాక్టరమ్మ చెప్పిందో లేదో కూడా గుర్తులేదు. కడుపులో బిడ్డ పోయిన నాలుగోరోజు బిందె మోసిందన్న సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. ఆ రాత్రికి అన్నం అమ్మ పెడితేనే తిన్నాను.

పొద్దున్నే నేను తయారయ్యేసరికి అమ్మ చీర మార్చుకుని ఆటోలో కూర్చుని ఉంది. "నువ్వేంటికే, నడవలేవు" అంటే దిగలేదు. ఆసుపత్రిలో మెట్లు రెండు చేతులా పట్టుకుని ఎక్కింది. లేజరు గదిలోకి ఒక్కరినే రమ్మన్నారు. అమ్మ వినకుండా నా వెనకే లోపలికి వచ్చేసింది. నర్సు కసురుకుంటుంటే డాక్టరమ్మే పోనీలెమ్మంది. చీకటి గది. నా గడ్డం మిషను మీద పెట్టించి, తల కదలకుండా పట్టీ కట్టారు.

"అవ్వా, భయపడొద్దు. ఇది అయిపోతే ఈమెకు ఆ మెరుపులు మెల్లగా తగ్గిపోతాయి" అంది డాక్టరమ్మ.

అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆమె గొంతు నాకు వెనకనుంచి వినపడుతోంది.

"ఒక్కటి గూడా మిగలొద్దు తల్లీ. అన్నీ ఆర్పెయ్. మాకు నీళ్ళొద్దు."

డాక్టరమ్మకు అర్థం కాక నన్ను చూసింది. నేను కన్ను పెద్దగా తెరిచాను.